పాఠం చెప్తాడు, రాయమంటే ఏడుస్తాడు

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి. పాఠం అడిగితే గడగడా చెప్తాడు. హోంవర్క్ తీస్తే మాత్రం కడుపునొప్పి అంటాడు, ఏడుస్తాడు. ఒక్క పేజీకి రెండు గంటలు. రోజూ రాత్రి పది దాటుతోంది. విసుగొచ్చి కొడుతున్నాను, తర్వాత నేనే ఏడుస్తున్నాను. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, నోటితో చెప్పగలిగి రాయలేకపోతున్నాడంటే అది బద్ధకం కాకపోవచ్చు. కడుపునొప్పి కూడా నాటకం అనుకోకండి. టెన్షన్‌కు పిల్లలకు నిజంగానే నొప్పి వస్తుంది. నొప్పితో నిద్రలో లేచినా, వాంతులైనా, బరువు తగ్గినా పిల్లల డాక్టరుకు చూపించాలి.

ముందు కళ్లు పరీక్ష చేయించండి. సరిగా కనిపించని పిల్లలు ఆ మాట చెప్పరు, అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటారు. కళ్లు బాగుంటే బాబు నోటుబుక్కులు తిరగేయండి. ఒత్తులు ఎగిరిపోవడం, గుణింతాలు తారుమారు కావడం, చూసి రాసినా తప్పులు రావడం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ కనిపిస్తే డిస్‌లెక్సియా (చదవడంలో ఇబ్బంది), డిస్‌గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది) లాంటి లెర్నింగ్ డిజేబిలిటీ ఉందేమో చూడాలి. దీనికీ తెలివికీ సంబంధం లేదు. పిల్లల డాక్టరు గానీ, జిల్లా ఆసుపత్రిలోని డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) గానీ దారి చూపిస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా దీన్ని గుర్తించింది.

బడి నుంచి రాగానే పుస్తకం ముందు కూర్చోబెట్టకండి. ఏదైనా తిననివ్వండి, కాసేపు ఆడుకోనివ్వండి. తర్వాత ప్రశ్న మీరు చదవండి, జవాబు వాడు నోటితో చెప్పాలి. అప్పుడు ఒక్కో వాక్యం రాయించండి. పావుగంటకోసారి లేవనివ్వండి. తప్పు రాసిన ప్రతిసారీ చెరిపించకండి. మా ఓపీకి వచ్చిన ఒక పాప నోటుబుక్‌లో రబ్బరుతో రుద్ది రుద్ది కాగితానికి చిల్లులు పడ్డాయి. ఆ చిల్లుల మీద వేలు పెట్టి, వాళ్లమ్మ చూడకుండా దాచింది. ఇప్పటికీ మర్చిపోలేను.

పూర్తి కాకపోతే మీరు రాసిపెట్టొద్దు. 'ఇంతవరకే చేయగలిగాడు' అని డైరీలో రాసి సంతకం పెట్టండి. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ మూడు నుంచి ఐదో తరగతి వరకు వారానికి 2 గంటలకు మించి హోంవర్క్ వద్దంది. ఆ మాట టీచరుతో నెమ్మదిగా చెప్పండి. ఈ వయసుకు కనీసం 9 గంటల నిద్ర కావాలి, కాబట్టి హోంవర్క్ ఎంతవరకు వచ్చినా సరే ఎనిమిదిన్నరకు పుస్తకం మూసేయండి.

కొట్టడం ఈ రోజుతో ఆపేయండి. కోపం ముంచుకొస్తున్న రోజున వాళ్ల నాన్ననో తాతయ్యనో పక్కన కూర్చోమనండి.