ఫీచర్ల కోడ్ రాయకుండా డాక్యుమెంటేషన్, టెస్టులు మాత్రమే సరిచేస్తే ఓపెన్ సోర్స్‌లో (ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల ప్రాజెక్టుల్లో) దానికి విలువ ఉంటుందా? రెజ్యూమేలో దాన్ని ఎలా రాయాలి?

ఉంటుంది. నన్ను అడిగితే, కొత్త ఫీచర్లు తెచ్చి పోసేవారి కంటే మీలాంటివారే ప్రాజెక్టులకు ఎక్కువ అవసరం. బగ్గులని మనం అనుకునేవాటిలో సగం డాక్యుమెంటేషన్ తప్పులే. లెక్కలు చూపమంటే చూపలేను గానీ ఈ మాట వెనక్కి తీసుకోను.

నేను పనిచేసిన ఒకచోట సభ్యుల పేర్లు చీటీల మీద ముద్రించేవాళ్లం. అందుకు వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) డాక్యుమెంటేషన్‌లో "పేరు గడిలో 24 క్యారెక్టర్లు పడతాయి, మిగిలినవి కత్తిరిస్తాం" అని ఉండేది. ఇంగ్లీషు పేర్లతో ఏనాడూ ఇబ్బంది రాలేదు. ఇకపై తెలుగులో ముద్రించమన్నారు, ముద్రించాం. మర్నాడు ఒక పెద్దాయన చీటీ పట్టుకుని వచ్చారు. "ఈ వేంకటేశ్ ఎవరు బాబూ? నా పేరు వేంకటేశ్వరరావు."

అందరూ నవ్వారు. నాకు మాత్రం గుండె జారింది. సుబ్రహ్మణ్యం గారు "సుబ్రహ్మ", లక్ష్మీనారాయణ గారు "లక్ష్మీన" అయితే చూసినవారెవరైనా పట్టుకుంటారు. వేంకటేశ్ అలా దొరకడు. ప్రోగ్రాము ఆగలేదు, ఫిర్యాదు చేయలేదు, నిక్షేపంలాంటి వేరే మనిషి పేరును తాపీగా ముద్రించింది.

కోడ్ తెరిచి చూస్తే ఆ 24 క్యారెక్టర్లు కావు, బైట్లు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో హల్లుకు మూడు, గుణింతపు గుర్తుకు మూడు, సున్నకు మూడు, పొల్లుకూ మూడే. వేంకటేశ్వరరావు అంటే ఇలాంటి 14 సంకేతాలు, 42 బైట్లు. 24 బైట్లలో పట్టేవి ఎనిమిది సంకేతాలే, ఆ ఎనిమిదోది "శ" మీది పొల్లు. అక్కడ తెగింది. పోనీ బైట్లు మానేసి సంకేతాలు లెక్కపెడదామన్నా ఒడ్డున పడం. మన కంటికి ఒక్క అక్షరమైన "శ్రీ" పొడవెంత అని పైథాన్ భాషను అడిగితే నాలుగు అంటుంది. తెలుగు సంయుక్తాక్షరాన్ని మధ్యలో విడగొట్టకూడదన్న నియమం అన్ని లిపులకూ సంకేతాలిచ్చే యూనికోడ్ విభజన సూత్రాల్లోకి 2023 నాటి 15.1 కూర్పుతో గానీ రాలేదు.

నేను పంపిన మార్పు కొంచెమే. క్యారెక్టర్లు అన్నచోట బైట్లు అని దిద్ది, కింద తెలుగు ఉదాహరణ చేర్చి, వేంకటేశ్వరరావు గారి పేరుతో, కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే ఒక టెస్ట్ రాశాను. ఫంక్షన్‌లో "మ్యాక్స్ లెంగ్త్" అన్న పేరును "మ్యాక్స్ బైట్స్" చేశాను. దానికి "డాక్యుమెంటేషన్ మాత్రమే" అనే లేబుల్ తగిలించి నెలల తరబడి మూలన పెట్టారు. చివరికి ప్రాజెక్టును చూసుకునే ఒక మెయింటెయినర్ వచ్చి, పేరు మారిస్తే వాడుతున్నవారి ప్రోగ్రాములు ఆగిపోతాయి, అది తప్ప మిగతావి కలుపుతాం అన్నారు. అది న్యాయమే. ఇంకొకాయన మాత్రం, మాలో ఎవరికీ చదవడం రాని లిపిలో టెస్ట్ ఎందుకని అడిగారు. టెస్ట్ తప్పితే ఎరుపు రంగు కనబడుతుంది కదా, దానికి తెలుగు రావాలా అన్నాను. తర్వాత థాయ్ లిపి వాడే ఒకరు ఆ టెస్టునే పట్టుకుని కత్తిరింపు కోడ్ మొత్తం తిరగరాశారు.

ఇక డాక్యుమెంటేషన్ పేరు చెప్పి జరిగే తంతు ఒకటి ఉంది. 2020 అక్టోబరులో, మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చే హ్యాక్టోబర్‌ఫెస్ట్ పండుగలో, ఆ టీషర్టు కోసం కనబడిన ప్రతి రీడ్‌మీలోనూ (ప్రాజెక్టు పరిచయ ఫైలులోనూ) అర్థంలేని మాటలు చేర్చి పంపారు. ఆ బాధ పడలేక, ముందుగా ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు పండుగ మధ్యలోనే నిబంధన మార్చారు. మన దేశపు వీడియో పాఠం ఒకటి వెబ్‌సైట్ల తయారీకి వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టును ఉదాహరణగా చూపితే, చూసినవారు 2024లో గుడి మెట్ల మీద పేర్లు చెక్కినట్టు ఆ రీడ్‌మీలో తమ పేర్లు రాసి పుల్ రిక్వెస్టులు (ఈ మార్పు కలపండి అనే అభ్యర్థనలు) పంపారు. వాటిని ఒక్కొక్కటిగా మూసినవారు జీతం లేని మనుషులు.

కోడ్ నాణ్యత అంటూ, ఖాళీలు, వరుసలు ఒకే తీరుగా సర్దే ఫార్మాటర్ నడిపి వేల వరుసలు మార్చి పంపేవారు మరో రకం. 2022లో పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో కోడ్ మొత్తాన్ని బ్లాక్ అనే ఫార్మాటర్‌తో తిరగరాయలేదా అంటారు. రాశారు. కానీ అది వాళ్లలో వాళ్లు చర్చించుకుని తీసుకున్న నిర్ణయం. ఏ వరుస ఎవరు మార్చారో చూపే గిట్ బ్లేమ్‌లో ఆ కమిట్‌ను (ఆ మార్పును) దాటవేసేలా ప్రత్యేకంగా ఒక ఫైలు కూడా పెట్టుకున్నారు. దారిన పోయేవారు అడగకుండా చేయాల్సిన పని కాదు.

రెజ్యూమే సంగతి అడిగారు కదా. కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో, ఏ రోజు ఎంత పని చేశారో చూపే ఆకుపచ్చ గడులు లెక్కపెట్టేవారితో వాదించి లాభం లేదు. తక్కిన చోట్ల "డాక్యుమెంటేషన్‌కు తోడ్పడ్డాను" అని ముక్తసరిగా రాసి వదిలేయకండి. ఏ వాక్యం తప్పుగా ఉండేది, దాన్ని నమ్మినవారికి ఏం జరిగింది, మీరు ఏం మార్చారు అని రాసి, కింద ఆ పుల్ రిక్వెస్ట్ లింకు పెట్టండి. చర్చ పొడవుగా ఉంటే ఇంకా మంచిది, నన్ను ఇంటర్వ్యూ చేసినవారు ముందుగా చదివి వచ్చింది దాన్నే.