ఆ సీటు నెహ్రూ వద్దన్నారా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫోన్లో మొదలై ఇంటిదాకా వచ్చిన రాజకీయ వాదనల గురించే. డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పినన్నాళ్లూ పిల్లలు దేశం గురించి, ప్రపంచం గురించి గట్టిగా వాదించుకోవాలని కోరుకున్నదాన్ని. అందుకే ఈసారి చోటంతా ఆ ప్రశ్నలకే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకడు ‘భద్రతా మండలిలో శాశ్వత సభ్యత్వం మనకిస్తామంటే నెహ్రూ చైనాకు ఇచ్చేశాడు’ అని పోస్టు పెట్టాడు. ఇంకొకడు ‘అంతా అబద్ధం, అలాంటి ఆఫరే రాలేదని నెహ్రూ పార్లమెంటులోనే చెప్పాడు’ అన్నాడు. మాటా మాటా పెరిగి ఇద్దరూ మాట్లాడుకోవడమే మానేశారు. ఎవరిది కరెక్ట్?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఇద్దరికీ తెలిసింది సగమే. అసలేం జరిగిందో చెబుతాను. కాస్త ఓపిగ్గా చదివి మీ గ్రూపులో కూడా పెట్టండి.

ముందు ఆ కుర్చీ ఎవరిదో చూద్దాం. 1945 నాటి ఐక్యరాజ్యసమితి చార్టర్ 23వ ఆర్టికల్‌లో శాశ్వత సభ్యదేశాలు ఐదింటినీ పేరుపేరునా రాశారు. వాటిలో ‘రిపబ్లిక్ ఆఫ్ చైనా’ ఒకటి. 1949 అక్టోబరులో బీజింగ్‌లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చింది. అప్పటిదాకా చైనాను పాలించిన చియాంగ్ కై షేక్ తైవాన్‌కు వెళ్లిపోయారు. అయినా ఐక్యరాజ్యసమితిలో చైనా కుర్చీ మాత్రం ఆయన ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. అది కమ్యూనిస్టు చైనా చేతికి వచ్చింది 1971 అక్టోబరు 25న, జనరల్ అసెంబ్లీ తీర్మానంతో. నెహ్రూ అప్పటికి ఏడేళ్ల క్రితమే కన్నుమూశారు. కాబట్టి ‘నెహ్రూ చైనాకు ఇచ్చేశాడు’ అన్న మాట నిలవదు. తన దగ్గర లేనిదాన్ని ఆయన ఎవరికీ ఇవ్వలేరు.

అలాగని ఏమీ జరగలేదా అంటే, జరిగింది. 1950 ఆగస్టులో అమెరికాలో మన రాయబారిగా ఉన్న విజయలక్ష్మీ పండిట్ తన అన్న నెహ్రూకి ఒక ఉత్తరం రాశారు. చైనాను తీసేసి ఆ స్థానంలో ఇండియాను కూర్చోబెట్టాలన్న ఆలోచన అమెరికా విదేశాంగ శాఖలో నడుస్తోందని అందులో చెప్పారు. నెహ్రూ ఆ నెలాఖరులోనే జవాబిచ్చారు. ఇండియాకు ఆ అర్హత కచ్చితంగా ఉంది, కానీ చైనాను పక్కకు నెట్టి దాన్ని తీసుకోం, అది చైనాను అవమానించడమే అవుతుంది అన్నది ఆ జవాబు సారాంశం. మళ్లీ 1955లో నెహ్రూ సోవియట్ యూనియన్ వెళ్లినప్పుడు అక్కడి ప్రధాని బుల్గానిన్, ఇండియాను ఆరో సభ్యదేశంగా చేర్చే మాట కదిపారు. ముందు చైనా సంగతి తేలాలన్నారు నెహ్రూ. మీ అభిప్రాయం తెలుసుకుందామనే అడిగాను, దీనికి ఇది సమయం కాదని బుల్గానిన్ కూడా ఒప్పుకున్నారు. ఈ ఉత్తరం, ఈ సంభాషణ రెండూ అచ్చులో ఉన్నాయి.

ఇక మీ రెండో స్నేహితుడి మాట. 1955 సెప్టెంబరు 27న లోక్‌సభలో ఒక సభ్యుడు అడిగిన ప్రశ్నకు, అలాంటి ప్రతిపాదన అధికారికంగా గానీ అనధికారికంగా గానీ రాలేదని నెహ్రూ బదులిచ్చారు. ఆ జవాబు రికార్డుల్లో ఉంది, నిజమే. కానీ దాన్ని మాత్రమే చూపించి అసలు ప్రస్తావనే రాలేదనడం సరికాదు. ప్రతిపాదన దాకా రాకపోయినా మనవాళ్ల మనసు తెలుసుకునే ప్రయత్నాలు జరిగాయి.

ఈ వాదనలో ఎవరూ పట్టించుకోని విషయం ఇంకొకటుంది. చార్టర్ మార్చాలంటే 108వ ఆర్టికల్ ప్రకారం సభ్యదేశాల్లో మూడింట రెండొంతుల మద్దతు కావాలి. దానితోపాటు ఐదు శాశ్వత సభ్యదేశాలూ ఆమోదించాలి. కమ్యూనిస్టు చైనాకు కుర్చీ ఇవ్వలేదన్న కోపంతో సోవియట్ యూనియన్ 1950 జనవరి నుంచి జులై చివరిదాకా భద్రతా మండలికే రాలేదు. అలాంటి దేశం అదే కుర్చీలో మనల్ని కూర్చోబెట్టడానికి ఒప్పుకునేదా? చియాంగ్ ప్రభుత్వం తన కుర్చీ తానే ఖాళీ చేసి వెళ్లేదా? అమెరికా ఒక్కటే అనుకుంటే అయిపోయే పని కాదిది.

నా అభిప్రాయం కూడా చెబుతాను. 1950లో నెహ్రూ తీసుకున్న నిర్ణయం సరైనదే. అమెరికా మాట పట్టుకుని వెళ్తే కుర్చీ దక్కేది కాదు, పక్క దేశంతో వైరం మాత్రం మొదలయ్యేది. కానీ 1955లో సోవియట్ ప్రధానే నోరు తెరిచి అన్నప్పుడు మన హక్కును ఇంకాస్త గట్టిగా నమోదు చేయించాల్సింది. చైనా కోసం మనం అంత ఆగాం, 1962లో ఆ దేశం మనకేం చేసిందో అందరికీ తెలుసు. ఆ బాధ నాకూ ఉంది. మీ మిత్రులిద్దరూ వాదించుకోవాల్సింది దీని మీద. ఆ రోజు చేసింది తెలివైన పనా కాదా అని ఎంతసేపైనా వాదించుకోవచ్చు. ఏం జరిగిందన్నది మాత్రం కాగితాల్లో ఉంది కాబట్టి దాని కోసం స్నేహం పాడుచేసుకోవద్దు. ముందు మీరే ఇద్దరికీ ఫోన్ చేయండి.

ప్రశ్న: ఉక్రెయిన్ యుద్ధంలో ఇండియా రష్యాకే ఓటేసిందని మా కాలేజీ గ్రూపులో ఒకమ్మాయి అంటోంది. నిజమేనా మేడమ్?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: కాదమ్మా. 2022 మార్చి 2న జనరల్ అసెంబ్లీలో రష్యా దాడిని ఖండిస్తూ పెట్టిన తీర్మానానికి 141 దేశాలు అనుకూలంగా, 5 దేశాలు వ్యతిరేకంగా ఓటేశాయి. ఆ ఐదు రష్యా, బెలారస్, సిరియా, ఉత్తర కొరియా, ఎరిత్రియా. 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. మనం ఆ 35లో ఉన్నాం. ఆ రోజుకి ఉక్రెయిన్‌లో మన విద్యార్థులు వేలమంది చిక్కుకుని ఉన్నారు. వాళ్లలో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలు కూడా చాలామందే. వాళ్లను ‘ఆపరేషన్ గంగ’లో తీసుకొచ్చారు. దూరంగా ఉండటం తప్పని మీ స్నేహితురాలు అనుకుంటే అనొచ్చు, అలా అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రష్యా వాటా చాలా తక్కువ, తర్వాత అది మూడో వంతుకు చేరింది. దీన్ని ఎత్తి చూపి గట్టిగానే నిలదీయొచ్చు. కానీ వేయని ఓటు వేశామనకూడదు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ గ్రూపుకి నేను అడ్మిన్‌ని. ఎన్నికలు, ధరలు, విదేశాంగ విధానం అన్నీ అందులో చర్చిస్తారు. ప్రభుత్వాన్ని విమర్శిస్తూ ఎవరైనా పోస్టు పెడితే ‘66ఏ కింద అడ్మిన్‌ని లోపలేస్తారు’ అని ఒక పెద్దాయన భయపెడుతున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. గ్రూపు మూసేయమంటారా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: మూసేయకండి. 66ఏ అనే సెక్షన్ ఇప్పుడు చెల్లదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలు పెడితే శిక్షించేందుకు ఐటీ చట్టంలో దాన్ని 2008 సవరణతో చేర్చారు. 2012లో బాల్ ఠాక్రే చనిపోయినప్పుడు ముంబై దగ్గర పాల్‌ఘర్‌లో ఒక అమ్మాయి, ఈ బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసింది. ఆమె స్నేహితురాలు దానికి లైక్ కొట్టింది. పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. అది చూసి శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం ఆ సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది. చలమేశ్వర్ గారు మన కృష్ణా జిల్లావారు. ఒక విషయాన్ని చర్చించడం, దాన్ని సమర్థిస్తూ మాట్లాడటం ఎంత ఘాటుగా ఉన్నా నేరం కాదని, జనాన్ని రెచ్చగొట్టే స్థాయికి వెళ్లినప్పుడే చట్టం అడ్డుపడొచ్చని ఆ తీర్పు చెప్పింది. ఆ పెద్దాయనకి ఈ సంగతి తెలియకపోవడం వింత కాదు. కొట్టేసిన ఆరేళ్ల తర్వాత కూడా పోలీసులు అదే సెక్షన్ కింద కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో సుప్రీంకోర్టే ఆశ్చర్యపోయింది.

కేవలం అడ్మిన్ అయినందుకు సభ్యులు పెట్టిన పోస్టుకి బాధ్యులు కారని బాంబే హైకోర్టు, తర్వాత 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. అయితే మీరు స్వయంగా ఫార్వర్డ్ చేసింది మతాల మధ్యో కులాల మధ్యో చిచ్చు పెట్టేదైతే భారతీయ న్యాయ సంహితలో 196, 353 సెక్షన్లు ఉన్నాయి. అలాంటిది ఎవరైనా పెడితే వెంటనే తీసేయండి, అడ్మిన్‌గా మీకు ఆ వీలుంది. ధరల మీద, పన్నుల మీద, విదేశాంగ విధానం మీద మాత్రం ఎవరి నోరూ నొక్కకండి. రాజ్యాంగంలోని 19వ ఆర్టికల్ ఇచ్చిన హక్కును ఒక పెద్దాయన భయం కోసం వదులుకుంటారా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఫ్యామిలీ గ్రూపులో ఇక్కడి రాజకీయాల గురించి ఏం రాసినా వాళ్ల బాబాయి ‘దేశం వదిలెళ్లినవాడివి, నీకేం హక్కుంది?’ అంటున్నాడు. పిల్లాడు బాధపడుతున్నాడు. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీ అబ్బాయికి ఇప్పటికీ ఇండియన్ పాస్‌పోర్టే ఉంటే మాట్లాడే హక్కే కాదు, ఓటు హక్కు కూడా ఉందని మీ మరిదిగారికి చెప్పండి. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 2010లో చేర్చిన 20ఏ సెక్షన్ ఆ హక్కునిచ్చింది. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే మాత్రం ఓటు ఉండదు. అలాంటివాళ్లు కూడా అభిప్రాయం చెప్పొచ్చు, ఇక్కడ అమ్మానాన్నలు ఉన్నవాడు ఇక్కడి ఆసుపత్రుల గురించి మాట్లాడకుండా ఎలా ఉంటాడు? 2024 లోక్‌సభ ఎన్నికలకు విదేశాల్లోని మనవాళ్లు సుమారు లక్షా 19 వేల మంది పేరు నమోదు చేసుకుంటే, ఓటేసినవాళ్లు 3 వేల మంది కూడా లేరు. కారణం ఒకటే, విమానం ఎక్కి వచ్చి బూత్‌లో నిలబడితే తప్ప ఓటు పడదు. ఇది మారాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అప్పటిదాకా ఉన్న దారి ఫారం 6ఏ. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనే నింపొచ్చు. పాస్‌పోర్టులో ఇక్కడి అడ్రస్ ఏదుందో ఆ నియోజకవర్గంలో పేరు వస్తుంది. పోలింగ్ రోజుకి రాగలిగితే ఒరిజినల్ పాస్‌పోర్టు వెంట తెచ్చుకోమనండి, అది చూపిస్తేనే ఓటు వేయనిస్తారు.