తన మీద తనకే నమ్మకం లేని యువరాణి కథ కావాలంటే ఏరిన్ కథ చదివించండి

"మా అమ్మాయికి 14 ఏళ్ళు, ఏం చెప్పినా నావల్ల కాదంటుంది, అలాంటి యువరాణి మెల్లగా ఎదిగే ఫాంటసీ నవల ఏదైనా ఉందా" అని అడిగారు. ఉంది. రాబిన్ మెకిన్లీ రాసిన ది హీరో అండ్ ది క్రౌన్. 1984లో వచ్చింది, 1985లో అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ తెచ్చుకుంది. ఇది నేను మా చెల్లికి చదివి వినిపించిన పుస్తకం కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, కథ కూడా కొంత బయటపడిపోతుంది, ఏమీ అనుకోకండి.

ఏరిన్ డమార్ అనే రాజ్యాన్ని ఏలే రాజుకి ఒక్కగానొక్క కూతురు. వాళ్ళమ్మ ఉత్తరం నుంచి వచ్చిన మంత్రగత్తె అని, రాజుని వశం చేసుకుందని, కొడుకు పుట్టకుండా కూతురు పుట్టిందని తెలిసి దిగులుతో చచ్చిపోయిందని ఊరంతా చెప్పుకుంటారు. ఆ మాటలు వింటూ పెరిగింది ఆ పిల్ల. పైగా రాజవంశంలో అందరికీ వచ్చే మంత్రశక్తి తనకి రాలేదు. గలాన్నా అని ఒక బంధువు ఉంటుంది, మహా అందగత్తె, నువ్వసలు రాజు కూతురివే కాదు అన్నట్టు మాట్లాడుతుంది. రాజరక్తం లేనివాళ్ళు ముట్టుకుంటే విషం అయ్యే సుర్కా అనే మొక్క ఉంటుంది, ఆ మాటలు పడలేక ఏరిన్ ఆ ఆకులు తినేస్తుంది. చావదు గానీ చాలాకాలం మంచాన పడుతుంది. నిరూపించుకుందామని దూకితే ఇంకా కిందకి పడటం అంటే అదే, ఆ వయసు పిల్లలకి అది ఎవరూ వివరించక్కర్లేదు.

అప్పట్లో మా చెల్లికి కూడా 14. లెక్కల్లో మార్కులు పడిపోయాయి, స్కూల్లో అందరి ముందు ఏదో అన్నారు, అప్పట్నుంచి "నా బుర్రే అంత అక్కా" అనేది. ఇంట్లోవాళ్ళందరూ కాన్ఫిడెంట్‌గా ఉండు, కాన్ఫిడెంట్‌గా ఉండు అని ఒకటే పోరు. నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. కాన్ఫిడెన్స్ ఏమన్నా బీరువాలోంచి తీసి వేసుకునే చొక్కానా? ఏదో ఒకటి చేతకాకపోతేనే కదా ఆ పిల్ల అలా ఉంది, ఆ చేతకానిది చేతనయ్యే దారి చూపించకుండా మొహం మాత్రం ధైర్యంగా పెట్టుకోమంటే ఎలా పెట్టుకుంటుంది?

దానికి ఇంగ్లీషు అంత సులువుగా రాదు, అందుకని రాత్రిళ్ళు నేను పేజీ చదువుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పేదాన్ని. మొదట్లో గోడవైపు తిరిగి పడుకుని వినేది. ఏరిన్‌కి ఒక పాత పుస్తకంలో కెనెట్ అనే లేపనం సంగతి దొరుకుతుంది, ఒంటికి పూసుకుంటే డ్రాగన్ మంట తగలదట, ఏమేం కలపాలో ఉంటుంది గానీ ఏది ఎంత కలపాలో ఉండదు. ఆ మాట చెప్పగానే మా చెల్లి ఇటు తిరిగి లేచి కూర్చుంది.

"కొలతలు రాయలేదా? మరి ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. కలిపి చూడటమే."

"రాజు కూతురు కదా, ఎవర్నైనా అడగొచ్చుగా?"

"నవ్వుతారని అడగదు."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆపకు, చదువు" అంది.

ఏరిన్ ఆ మందుని ఏళ్ళ తరబడి కలుపుతుందండీ. కలపడం, నిప్పు దగ్గర పెట్టి చూడటం, కాలడం, మళ్ళీ మోతాదు మార్చడం. ఎవరూ చూడరు, చప్పట్లు ఉండవు. పక్కన వాళ్ళ నాన్న ముసలి గుర్రం టాలట్ ఒక్కటి, యుద్ధంలో దాని కాలు దెబ్బతింటే పచ్చికలో వదిలేశారు. తను అలా, గుర్రం అలా, ఇద్దరూ కలిసి మళ్ళీ నడక నేర్చుకున్నట్టు ఉంటుంది ఆ భాగం. ఈ రకం నవలల్లో అంతకంటే మంచి అధ్యాయాలు లేవని నా గట్టి నమ్మకం.

ఓ పది రోజుల తర్వాత దాని రఫ్ నోట్‌బుక్ ఎందుకో తెరిచాను. తప్పొచ్చిన ప్రతి లెక్క పక్కన "కాలింది" అని రాసుకుంది. కాలింది, కాలింది, కొంచెం కాలింది, కాలింది. మూడు పేజీలు అంతే. నాలుగో పేజీలో ఒక చోట "కాలలేదు" అని ఉంది, దాని కింద రెండు గీతలు. నేను చూసినట్టు దానికి చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు.

అందుకే మీకు ఈ పుస్తకమే చెప్తున్నాను. మిగతా చాలా నవలల్లో ఏమవుతుందంటే, యువరాణి వంద పేజీలు నేను పనికిరాను అనుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా లోపల దాగున్న మహాశక్తి బయటికొస్తుంది, లేకపోతే ఎవడో రాకుమారుడు నువ్వు అందంగా ఉన్నావు అంటాడు, అంతే ఎదిగిపోయింది అంటారు. అది ఎదగడం కాదు, లాటరీ తగలడం. శక్తి రాని పిల్ల ఏం చెయ్యాలి మరి? రే కార్సన్ రాసిన ది గర్ల్ ఆఫ్ ఫైర్ అండ్ థార్న్స్ (2011) కూడా చాలామంది చెప్తారు, మంచి నవలే, ఎలీసా అనే 16 ఏళ్ళ లావుపాటి రాకుమారి, సమర్థురాలైన అక్క పక్కన తను ఎందుకూ పనికిరానని అనుకునే పిల్ల, యుద్ధవ్యూహాల మీద పట్టుంది, ఆ బుర్రతోనే నిలబడుతుంది, అదంతా నాకు నచ్చింది. కానీ ఎడారిలో నడిచి నడిచి సన్నబడటం కూడా ఆ ఎదుగుదలలో కలిసిపోయినట్టు అనిపించి గుచ్చుకుంది. లావుగానే ఉండి గెలిస్తే పోయేదేముంది? మీ అమ్మాయికి ఒంటి గురించి బెంగ ఉంటే అది ఇచ్చేముందు ఒకసారి మీరు చదవండి.

ఏరిన్ దగ్గరికి వస్తే, మొదట్లో తను చంపేవి చిన్న డ్రాగన్లు, పంటలు పాడుచేసే పురుగుల్లాంటివి, వాటిని చంపితే గౌరవం కూడా రాదు. ఆ తర్వాత మౌర్ అనే పెద్ద నల్ల డ్రాగన్ లేస్తుంది, రాజు సైన్యంతో వేరే వైపు వెళ్తూ ఏరిన్‌ని వెంట తీసుకెళ్ళడు, తను టాలట్‌తో ఒంటరిగా దాని మీదకి పోతుంది. కెనెట్ అంత మంటకి పూర్తిగా ఆగదు. చంపుతుంది, కానీ ఒళ్ళు కాలిపోయి, మడమ విరిగి, జుట్టు పోయి తిరిగొస్తుంది.

ఇక్కడ ఇంకెవరైనా అయితే కథ ముగించేవాళ్ళు. మెకిన్లీ ముగించలేదు. ఆ డ్రాగన్ తలని తెచ్చి కోటలో గోడకి తగిలిస్తారు, అది ఏరిన్‌ని చూసి నవ్వుతున్నట్టు ఉంటుంది, చచ్చిపోయినా లోపల నిరాశ నింపుతూనే ఉంటుంది. అందరూ గెలిచింది అంటున్నారు, తను మాత్రం దగ్గుతూ, నీరసపడుతూ, నేను దేనికీ పనికిరాననే అనుకుంటూ ఉంటుంది. అది చదువుతున్నప్పుడు మా చెల్లి "గెలిచాక కూడా అలా అనిపిస్తుందా అక్కా?" అని అడిగింది. అనిపిస్తుంది అన్నాను. "మరి ఆ తల ఎందుకు ఉంచుకున్నారు, తీసి పారెయ్యొచ్చుగా" అంది చాలా కోపంగా.

ఒక జాగ్రత్త, మొదటి భాగం కథ మధ్యలో మొదలై వెనక్కి వెళ్తుంది, చాలామంది పిల్లలు అక్కడే వదిలేస్తారు. మొదటి యాభై పేజీలు మీరు పక్కన కూర్చుని చదవండి, కెనెట్ వచ్చేదాకా. తర్వాత తనే లాక్కుంటుంది. ఆ తల దగ్గరికి వచ్చినప్పుడు మీ అమ్మాయి ఏమంటుందో ఇక్కడ రాయండి, మా చెల్లికి చూపిస్తాను.