బొంత మీద అక్షరాలు కుట్టబోయే బిడ్డకు

నల్లగొండ

బిడ్డా,

నువ్వు పంపిన ఫోటో చూశాను. కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దగా ప్రింట్ తీయించి, కాగితం కత్తిరించి, చీర మీద పెట్టి సుద్దతో గీత గీసుకున్నావు. గీత బాగానే వచ్చింది. కానీ దాన్ని అలాగే కోసి పైన పెట్టి కుట్టేటట్టయితే నన్ను అడగాల్సిన పనే లేదు, మీ వీధి చివరి టైలర్ కూడా చేసిస్తాడు. ముక్కకు ముక్క కలుపుతుంటే అక్షరం తయారవ్వాలని కదా నువ్వన్నది. దానికి గీతలు అక్కర్లేదు. ఆ ప్రింట్లు ఎదురుగా గోడకు అంటించుకో, ఎప్పుడన్నా అనుమానం వస్తే తలెత్తి చూడటానికి పనికొస్తాయి.

అమెరికాలో ఈ పద్ధతి బాగా నడుస్తుంది. కొలతలూ అచ్చులూ లేకుండా ముక్కలు కలిపే తీరుకు మిషిగన్‌కు చెందిన గ్వెన్ మార్స్టన్ అనే ఆవిడ ‘లిబరేటెడ్’ అని పేరు పెట్టి ఎంతోమందికి నేర్పింది. అంతకంటే ముందు నుంచే, అలబామాలోని గీస్ బెండ్ అనే ఊళ్లో నల్లజాతి ఆడవాళ్లు పొలం పనికి తొడిగి చిరిగిపోయిన బట్టలతో తరతరాలుగా తమకు తోచినట్టు కుట్టుకున్నారు. వాళ్ల బొంతల బొమ్మలతో 2006లో అక్కడి తపాలా శాఖ స్టాంపులు వేసింది. మన దగ్గరేమో అతుకుల బొంత అంటే నామోషీ, చుట్టాలొస్తే మడిచి మూలకు తోస్తారు. సరే, ఆ గొడవ మొదలుపెడితే ఈ ఉత్తరం తెల్లారదు.

ఇంగ్లీషు అక్షరాల్లో ఈ, ఎఫ్, హెచ్, ఎల్, టీ అన్నీ నిలువు పట్టీలు, అడ్డ పట్టీలే. మనవన్నీ గుండ్రాలు. అందుకే తెలుగులో ఇది కాదని మొదట్లోనే చేతులెత్తేస్తారు. నిజానికి గుండ్రంగా కుట్టే పనే చాలా తక్కువ. చతురస్రానికి నాలుగు మూలలు కోసి నేల గుడ్డ వేస్తే, నాలుగడుగుల దూరం నుంచి చూసేవాళ్ల కంటికి అది గుండ్రమే. (నేల గుడ్డ అంటే అక్షరం వెనకాల కనిపించే గుడ్డ. నేను అలాగే అంటాను.)

నువ్వు ‘పైలం బిడ్డా’ (జాగ్రత్త బిడ్డా) అని కుట్టాలనుకున్నావు. హాస్టల్‌కు పోయే పిల్లకు అంతకంటే మంచి మాట ఏముంది, కుట్టు. కాకపోతే దాంతో మొదలుపెట్టకు. ఐత్వం, గుడి, డ కింద డ ఒత్తు, అన్నీ ఆ రెండు మాటల్లోనే ఉన్నాయి. ముందు ఒక దిండు గలీబు మీద ‘గరం’ అని కుట్టు. గ, ర, సున్న వస్తే సగం పని వచ్చినట్టే. చలికాలం దిండుకు పేరు కూడా కుదిరింది.

సున్నతో మొదలుపెట్టు. అక్షరాన్ని లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ రావాలి, అంటే ముందు దాని బొక్క. నేల గుడ్డలో రెండు అంగుళాల చదరపు ముక్క ఒకటి కోయి. దాని నాలుగు పక్కలా అక్షరం రంగు పట్టీలు, ఒకటిన్నర అంగుళం వెడల్పువి, ఒకదాని తర్వాత ఒకటి కుట్టు. ముందు ఎదురెదురు రెండు పక్కలు, ఇస్త్రీ చెయ్, తర్వాత మిగతా రెండు. పావంగుళం కుట్టులో పోతుంది కాబట్టి మొత్తం నాలుగు అంగుళాల ముక్క అవుతుంది. ఇప్పుడు నేల గుడ్డలోనే ఒకటిన్నర అంగుళం చదరాలు నాలుగు తీసుకుని, మంచి వైపు లోపలికి ఉండేట్టు ఒక్కో మూల మీద పెట్టి, ఐమూలగా కుట్టు వేసి, కుట్టుకు పావంగుళం బయట కోసి తిప్పెయ్. సున్న వచ్చింది. పట్టీలు స్కేలు పెట్టి కోయకు, కత్తెరతో కంటి అంచనాకు కోయి. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం వస్తే చేత్తో రాసినట్టు ఉంటుంది. వంకర కోతలోనే ఉండాలి. కుట్టు మాత్రం పావంగుళానికి తగ్గకూడదు, తగ్గిందా రెండు ఉతుకులకు ఊడొస్తుంది.

ర అంటే ఇదే సున్న, నెత్తిన తలకట్టు. తలకట్టు మర్చిపోతే ర పోయి ఇంకో సున్న అయి కూర్చుంటుంది, ‘గరం’ కాస్తా ఏదో లెక్కల పుస్తకంలా తయారవుతుంది. కాబట్టి తలకట్టును లావుగా, కనిపించేట్టు పెట్టు. నేల గుడ్డ ముక్క ఒకటి, నాలుగు అంగుళాల పొడవు, రెండున్నర ఎత్తు తీసుకో. దాన్ని కుడి వైపుకు ఎక్కేట్టు ఏటవాలుగా రెండు చేసి మధ్యలో అంగుళంపావు పట్టీ పెట్టి కుట్టు. తర్వాత ఎడమ కొసను ఎదురు వాలుగా కోసి అక్కడ పొట్టి పట్టీ ఒకటి, దాని పక్కన మళ్లీ నేల గుడ్డ. టీచర్లు పెట్టే టిక్కు మార్కులా వస్తుంది. అంచులు సరిచేసి ర ఒంటి మీద కుట్టెయ్, పొట్టి పట్టీకీ పొడుగు పట్టీకీ మధ్య ముడుకు ర ఒంటికి తగలాలి. గకు ఇంకా సులువు. మధ్యలో రెండంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవున్న నేల గుడ్డ, అటూ ఇటూ రెండు కాళ్లు, పైన అడ్డ పట్టీ, పై మూలలు రెండే కోయాలి. ఆపైన తలకట్టు.

అక్షరాలు ఒక్కోటి ఒక్కో ఎత్తు వస్తాయి. టెన్షన్ పడకు. పొట్టిదానికి పైనో కిందో నేల పట్టీ వేసి సమానం చెయ్. సున్నకు తలకట్టు లేదు కాబట్టి దాని నెత్తిన పట్టీ తప్పనిసరి. చుట్టూ మిగిలిన గుడ్డను ముందే కోసి పారేయకు, పక్క అక్షరంతో కలిపేటప్పుడు ఆ మిగులే నిన్ను కాపాడేది.

ఇక ‘పైలం’. ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. ప్రతి అక్షరానికీ మనం గుర్తుపట్టే ఆనవాలు ఒకటి ఉంటుంది. అది నిలబడితే మిగతా ఒళ్లంతా ఎంత వంకర తిరిగినా చదివేస్తాం. రకు ఆనవాలు తలకట్టు. పకు ఆనవాలు ఏంటో చెప్పు? సందు. వకు పైన ఉన్నది ఒంటికి అంటుకుని ఉంటుంది, పకు అంటదు. నువ్వు ‘పై’ మీద ఎత్వం పెట్టేటప్పుడు దానికీ ప ఒంటికీ మధ్య నేల పట్టీ ఒకటి కచ్చితంగా రావాలి, కుట్టు పోను అర అంగుళం కనిపించాలి. ఆ పట్టీని కక్కుర్తిపడి సన్నం చేశావంటే ‘వైలం’ అవుతుంది, పిల్ల హాస్టల్లో అందరికీ అర్థం చెప్పుకుంటూ తిరగాలి.

లకు తలకట్టు లేదు, బకూ లేదు. ఆ మేరకు పని తగ్గింది. లకు కింది మూలలు రెండూ కోసిన గిన్నె ఆకారం కట్టుకో, ఎడమ కొస లోపలికి చుట్టుకునే చోట మాత్రం నేరు పట్టీలతో కుస్తీ పట్టకు. గుడ్డను ఐమూలగా అంగుళం వెడల్పు పట్టీ కోసి, అంచులు లోపలికి మడిచి, కావాల్సినట్టు వంచి, గుడ్డ పైన పెట్టి చేత్తో కుట్టెయ్, దాన్నే పైకుట్టు అంటాం. ఐమూల పట్టీ ఎటు లాగితే అటు తిరుగుతుంది, ముడత పడదు. ముక్కలు కలిపే పద్ధతిలో పైకుట్టు కూడదని పట్టుబట్టేవాళ్లున్నారు. వాళ్లకు ఐత్వం లేదు, ఒత్తులు లేవు. మనకున్నాయి కాబట్టి మన ఇష్టం. ‘పై’ కింద ఐత్వం, డ కింద ఒత్తు నేను ఎప్పుడూ ఇలాగే పెడతాను. బికి గుడి అంటే చిన్న సైజు సున్న అనుకో, మధ్య ముక్క అంగుళంపావు, పట్టీలు అంగుళం. దానికి తోక రాకుండా చూసుకో, వస్తే ‘బీ’ అవుతుంది.

కాస్త పెద్ద వంపు కావాలంటే, డ వీపు లాంటిది, ఇంకో దారి ఉంది. నేల గుడ్డా అక్షరం గుడ్డా రెండూ మంచి వైపు పైకే పెట్టి ఒకదాని మీద ఒకటి పరిచి, మెల్లగా వంపు తిరిగే కోత ఒకేసారి కోసెయ్. దీని ఎడమ ముక్క, దాని కుడి ముక్క సరిగ్గా కలుస్తాయి. పిన్నులు అక్కర్లేదు, రెండు చేతులతో పట్టుకుని నాలుగేసి కుట్లు వేస్తూ పో. కొసలు ఎచ్చుతగ్గులు వస్తాయి, తర్వాత కోసెయ్. బాగా మెలికగా కోస్తే మాత్రం బట్ట బొడిపె కడుతుంది.

బట్టల సంగతి. అమ్మ నారాయణపేట నూలు చీరలు వాడతానన్నావు, మంచి ఎంపిక. ఆ సన్నగళ్లు దూరం నుంచి ఒకే రంగులా కనిపిస్తాయి కాబట్టి నేలకు బాగుంటాయి. పోచంపల్లి చీరను నేలకు పెట్టకు. నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి ఆ డిజైను అంచు చెదిరినట్టు ఉంటుంది, దాని అందమే అది. కానీ దాని మీద అక్షరం అంచు ఎక్కడ మొదలైందో తెలియదు. బొంత చుట్టూ అంచుకు వాడుకో. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచు పట్టు, ఉతికితే రెండూ ఒకేలా ముడుచుకోవు. జరీ మీద వేడి ఇస్త్రీ పెడితే దాని గతి నీకు తెలుసు. ఇంట్లో పుట్టపాక తేలియా రుమాలు (నూలుకు నూనె పట్టించి నేసే బట్ట) ఏదన్నా ఉంటే దాని జోలికి అసలు పోకు, అది కోసే బట్ట కాదు.

పాత చీరను వెలుతురుకు ఎత్తి చూడు. అడుగు అంచు దగ్గర రాపిడికి పలచబడి ఉంటుంది, నడుము దగ్గర లోపలికి దోపే కొస గట్టిగా ఉంటుంది, అక్షరాలకు అక్కడ కోయి. కోసే ముందు పలచగా గంజి పెట్టి, తడి ఉండగానే ఇస్త్రీ చెయ్. మెత్తటి పాత నూలు గంజి లేకుండా మిషన్ కింద జారిపోతుంది. ఎరుపు, మెరూన్ రంగులను తడి తెల్లగుడ్డతో రుద్ది చూడు. రంగు దిగితే, నీళ్లు తేటపడే దాకా విడిగా ఉతుకుతూ పో. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందంటారు, నేను నమ్మను. ఎన్నిసార్లు ఉతికినా దిగుతుంటే ఆ గుడ్డ ఈ పనికి పనికిరాదు, పక్కన పెట్టు.

రంగులు కుదిరాయో లేదో అనుమానమైతే ఫోన్‌లో ఫోటో తీసి నలుపు తెలుపు చేసి చూడు. ఎరుపూ ఆకుపచ్చా కంటికి వేరుగా కొట్టినా, ఫోటోలో రెండూ ఒకే బూడిద రంగులో కనిపించాయంటే అక్షరం చదవడం కష్టం.

మిషన్‌లో కుట్టు సైజు బాగా తగ్గించుకో. కుట్టిన ముక్కను మళ్లీ మళ్లీ కోస్తావు కదా, పెద్ద కుట్లయితే కోసిన చోటల్లా విప్పుకుంటాయి. ఇస్త్రీ పెట్టెను అటూ ఇటూ జరపకు, ఎత్తి ఒత్తు. ఏటవాలు అంచులు సాగిపోతే ముక్క పడవలా లేస్తుంది. కుట్టు మిగులును ముదురు రంగు వైపుకు పడుకోబెట్టు.

పైబట్ట అయ్యాక మన బొంత పని నీకు చెప్పేదేముంది, మీ అమ్మ చేస్తుంటే చూసినదానివే. ఒక్క తేడా. మామూలు బొంతకు అంచు నుంచి లోపలికి చుట్లు చుట్లుగా రన్నింగ్ కుట్టు వేసుకుంటూ వస్తాం. అక్షరాల దగ్గరికొచ్చేసరికి ఆగి, వాటి చుట్టూ అరంగుళం దూరంలో కుట్టు తిప్పు, మీదుగా పోకు. అక్షరంలో అతుకులు ఒకదాని మీద ఒకటి పడి సూది దిగదు, వేళ్లు పోతాయి. లోపల పాత నూలు చీర రెండు మడతలు చాలు, హైదరాబాద్ చలికి అంతకంటే ఎందుకు. అన్ని పొరలూ కదలకుండా ముందు జానెడు దూరంలో కచ్చా కుట్లు వేసుకో.

హాస్టల్ మంచం మూడడుగుల వెడల్పే ఉంటుంది కాబట్టి ‘పైలం’ ఒక వరసలో, ‘బిడ్డా’ దాని కింద వరసలో రానీ. రెండు వరసల మధ్య ఆరంగుళాలు వదులు, ‘పై’ కింది ఐత్వం, ‘బి’ మీద గుడి ఒకదానికొకటి గుద్దుకోకుండా. తలవైపు పెట్టకు, దిండు కింద పోతుంది. కాళ్లవైపు, నిలబడి చూసేవాళ్లకు నేరుగా కనిపించేట్టు పెట్టు.

మీ తమ్ముడు ఆదివారం జడ్చర్ల వస్తున్నాడు, నా పాత మెరూన్ చీర ఒకటీ, గంజి పెట్టిన కట్‌పీసులు కొన్నీ ఇచ్చి పంపుతున్నాను. మెరూన్‌కు రంగు దిగుతుందో లేదో నేను చూడలేదు, నువ్వే చూసుకో. ‘గరం’ కుట్టాక ఫోటో పంపు, ర తలకట్టు చూసి చెప్తాను.

మీ పెద్దమ్మ