మిల్లు లెక్కలను ఇంటి నుంచి చూసుకోవాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అయ్యా, మాకు రైసు మిల్లు ఉంది. ఆఫీసులో నాలుగు కంప్యూటర్లు ఉన్నా, లెక్కలన్నీ గుమస్తా గారు కూర్చునే కంప్యూటరులోని టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులోనే ఉంటాయి. దాళ్వా ధాన్యం వచ్చే రోజుల్లో పగలంతా కళ్లాల దగ్గర, కాటా దగ్గర తిరుగుతాను గనుక ఆ లెక్కలు రాత్రి ఇంటి దగ్గర చూసుకోవాలనుకుంటున్నాను. రాజమహేంద్రవరంలో ఉండే మా ఆడిటరు గారు కూడా అక్కడి నుంచే చూస్తామంటున్నారు. రూటరులో 3389 పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే నంబరు ద్వారం) తెరిస్తే, దూరాన ఉన్న కంప్యూటరు తెరను మన దగ్గర తెరిచే విండోస్ సౌకర్యం రిమోట్ డెస్క్‌టాప్ పది నిమిషాల్లో పనిచేస్తుందని మా కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి చెబుతున్నాడు. అలా చేయించవచ్చునా?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: దయచేసి చేయించకండి. పది నిమిషాల్లో పనిచేస్తుందన్న మాట నిజమే గాని, ఆ పది నిమిషాల తరువాత మీ గుమస్తా గారి కంప్యూటరు లాగిన్ తెర లోకమంతటికీ కనిపించడం మొదలవుతుంది. ఇంటర్నెట్ చిరునామాలను వరుసగా తట్టి చూసి, 3389 తెరచి ఉన్న చోటల్లా పాస్‌వర్డులను ఒకదాని తరువాత ఒకటి ప్రయత్నించే ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు నడుస్తూనే ఉంటాయి. పోర్టు నంబరు మార్చినా అవి వెతికి పట్టుకుంటాయి. పాస్‌వర్డు ఎంత గట్టిదైనా, లోపం విండోస్‌లోనే ఉంటే అది అడ్డుపడదు. 2019 మే నెలలో బయటపడిన ‘బ్లూకీప్’ అనే లోపం పాస్‌వర్డు తెలియనివారిని కూడా రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా లోపలికి రానిచ్చేది; 2014లోనే మద్దతు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ అప్పుడు సవరణ విడుదల చేయవలసి వచ్చింది. ఇలా పోర్టు తెరిచి పెట్టిన ఒక రొయ్యల మేత దుకాణంలో, సోమవారం ఉదయం తలుపులు తీసేసరికి మూడేళ్ళ ఖాతాలు అలా చొరబడినవారు వేసిన తాళం పడి తెరుచుకోకుండా ఉండటం నేను స్వయంగా చూశాను. బ్యాకప్ డిస్కును కూడా అదే కంప్యూటరుకు తగిలించి ఉంచడంతో అదీ పోయింది. బాకీలు ఎవరెవరివో రైతులనే అడిగి రాసుకున్నారు.

మీకు కావలసింది ముందుగా వీపీఎన్, ఆ తరువాతనే రిమోట్ డెస్క్‌టాప్. మీ ఇంటి ల్యాప్‌టాప్‌కూ మిల్లు నెట్‌వర్కుకూ నడుమ రహస్య లిపిలో సాగే ప్రత్యేకమైన దారిని వీపీఎన్ వేస్తుంది. ఆ దారిన వచ్చినవారికి మాత్రమే గుమస్తా గారి కంప్యూటరు కనిపిస్తుంది. ఉచితంగా దొరికే వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ఈ పనికి చాలా అనుకూలం. తన దగ్గర నమోదైన తాళంచెవి లేనివారు తడితే అది జవాబే ఇవ్వదు గనుక, వెతికేవారికి అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలియదు. మీ రూటరులో ఆ సౌకర్యం లేకపోతే, ఆఫీసులో ఎప్పుడూ నడిచే ఒక చిన్న కంప్యూటరులో పెట్టించవచ్చు.

ఇక్కడ రెండు చిక్కులు తరచుగా ఎదురవుతాయి. చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో ఒకే బయటి చిరునామాను ఎందరో వాడకందారులకు పంచుతారు. మీ రూటరులో కనిపించే బయటి చిరునామా 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే మీదీ అలాంటిదే, బయటి నుంచి నేరుగా రాలేరు. అప్పుడు కనెక్షన్ ఇచ్చినవారిని అదనపు రుసుముతో స్టాటిక్ ఐపీ (మీకు మాత్రమే చెందిన, మారని చిరునామా) అడగాలి, లేదా ఆ అడ్డంకిని దాటగలిగిన టెయిల్‌స్కేల్ వంటి సేవను వాడాలి. రెండవ చిక్కు ఎవరికీ ముందుగా తట్టదు. మిల్లు రూటరూ మీ ఇంటి రూటరూ రెండూ 192.168.1 వరుసలోనే చిరునామాలు ఇస్తుంటే, ల్యాప్‌టాప్ మిల్లు కంప్యూటరును మీ ఇంట్లోనే వెతుకుతుంది, వీపీఎన్ కలిసినట్టు చూపిస్తున్నా ఏమీ తెరుచుకోదు. మిల్లు వరుసను మొదటి రోజే 192.168.57 వంటి అరుదైన దానికి మార్పించి, గుమస్తా గారి కంప్యూటరుకు రూటరులో ఎప్పటికీ మారని చిరునామా కేటాయించమనండి.

ఇక కంప్యూటరు సంగతి. విండోస్ హోమ్ ఎడిషన్ ఉన్న కంప్యూటరును బయటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో తెరవడం కుదరదు, ప్రో ఉండాలి. మీ ఇంటి ల్యాప్‌టాప్‌లో మాత్రం హోమ్ ఉన్నా సరిపోతుంది. ఆడిటరు గారికి అడ్మినిస్ట్రేటరు ఖాతా ఇవ్వకుండా, వేరే మామూలు ఖాతా తెరిచి, దానికి మాత్రమే రిమోట్ అనుమతి ఇవ్వండి. తెర చూపకముందే పాస్‌వర్డు సరిచూసే నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్‌ను ఎవరు చెప్పినా తీయవద్దు. ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్కు రాకపోకలను అదుపు చేసే విండోస్ కాపలాలో) 3389 నిబంధనను వీపీఎన్ చిరునామాలకే పరిమితం చేయించండి.

ప్రో ఎడిషన్ ఒక్కసారికి ఒక్కరికే తెర ఇస్తుంది. ఆడిటరు గారు లోపలికి రాగానే గుమస్తా గారి తెరకు తాళం పడుతుంది. కోతల రోజుల్లో, కాటా దగ్గర లారీలు వరుసకట్టి ఉండగా అలా జరిగితే ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒకేసారి ఇద్దరు ముగ్గురు పనిచేయాలంటే విండోస్ సర్వరు, రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సులు, టాలీలో బహుళ వాడకందారుల లైసెన్సు అవసరమవుతాయి. ఏదో ఫైలు మార్చి ఉచితంగా చేసిపెడతామనేవారిని నమ్మవద్దు. ఆ ఖర్చు వద్దనుకుంటే ఆడిటరు గారికి రాత్రి ఏడు తరువాత సమయం కేటాయించండి. మీరిద్దరూ లెక్కలు చూడటమే తప్ప రాయడం లేకపోతే, టాలీ చందా చెల్లుబాటులో ఉన్నవారికి ఆ సంస్థే ఇచ్చే రిమోట్ సౌకర్యం సరిపోవచ్చు. ముందుగా దానినే పరీక్షించి చూడమని నా సలహా.

కరెంటు పోయి వచ్చాక ఆ కంప్యూటరు తనంతట తాను మొదలయ్యేలా బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే అమరికల్లో) అమర్పించి, నిద్రలోకి జారకుండా ఉంచండి. అంతా అయ్యాక మిల్లు వైఫై మీద కాక, మొబైల్ డేటా మీద పరీక్షించండి.

ప్రశ్న: మా రొయ్యల చెరువుల ఆఫీసు లెక్కలకు, దూరం నుంచి కంప్యూటరు తెరిచే ఎనీడెస్క్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా వాడుతున్నాము. ఇబ్బంది ఉందా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: ఎనీడెస్క్, అలాంటిదే అయిన టీమ్‌వ్యూయర్ ఉచిత వాడకం సొంత అవసరాలకే గాని వ్యాపారానికి కాదు. ఉచితమే కావాలంటే అదే పని చేసే రస్ట్‌డెస్క్‌ను చూడండి. అంతకన్నా ముఖ్యంగా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి ఎనీడెస్క్ వేయించి ఖాతాలు ఖాళీ చేసే మోసాల గురించి 2019 ఫిబ్రవరిలోనే రిజర్వు బ్యాంకు బ్యాంకులను హెచ్చరించింది. ఈ సాఫ్ట్‌వేర్ చూపించే అంకెలను ఫోనులో ఎవరికీ చెప్పవద్దని మీ సిబ్బందికి గట్టిగా చెప్పండి. ఒకవేళ చెప్పి ఉంటే వెంటనే ఆ కంప్యూటరుకు ఇంటర్నెట్ తీసేసి, బ్యాంకుకు తెలియజేసి, సైబరు నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి.