మూడు నెలల రీసెర్చ్ కోసం షేరింగ్ ఇల్లు: డిపాజిట్, రాత్రి గొడవ

మూడు నెలల రీసెర్చ్ పని మీద వెళ్లి, ముందునుంచీ ఉంటున్న ఇద్దరితో ఇల్లు పంచుకుంటున్నానని, డిపాజిట్ వాళ్ల చేతికే ఇచ్చానని, రసీదు లేదని, ల్యాబ్ నుంచి అర్ధరాత్రి వస్తే గొడవవుతోందని రాశారు. చదివి బాధేసింది. అలాంటి ఇంట్లో నేనూ ఉన్నాను.

ముందు డబ్బు సంగతి చూడండి. ఎంత ఇచ్చారో, ఏ తేదీన ఇచ్చారో, ఎప్పుడు ఖాళీ చేస్తారో రాసి ఈరోజే వాళ్లకు మెసేజ్ పెట్టండి. 'అవును' అని జవాబొస్తే అదే మీకు ఆధారం. మీరక్కడ ఉంటున్నట్టు ఇంటి ఓనర్‌కు తెలుసో లేదో కూడా అడగండి. తన అనుమతి లేకుండా మరొకరిని పెట్టుకోకూడదని చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. తేడా వస్తే ముందు ఖాళీ చేయాల్సింది మీరే. గది ఫొటోలు, కరెంటు మీటర్ రీడింగ్ తీసి పెట్టుకోండి.

రాత్రి గొడవలో మాత్రం నాకు వాళ్ల తప్పు కనిపించలేదు. పొద్దున్నే లేచేవాళ్లకు తలుపు చప్పుడు, గిన్నెల మోత నిజంగా నరకం. ఏయే రోజులు ఆలస్యమవుతుందో వారం మొదట్లోనే చెప్పేయండి. ఆ రోజుల్లో భోజనం బయటే కానిచ్చి రండి. నేనలా చెప్పడం మొదలుపెట్టాక, మా రూమ్మేటే నా కోసం వరండా లైటు వేసి ఉంచేవాడు.