4294967297 ప్రధాన సంఖ్యేనా?

ప్రశ్న: 4294967297 ప్రధాన సంఖ్య అవునో కాదో తేల్చాలి. వంద లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను, ఏదీ పోలేదు. సీ ప్రోగ్రాం రాస్తే సంఖ్యనే 1 అని చూపిస్తోంది. చేత్తో తేల్చే దారుందా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: ముందు ప్రోగ్రాం సంగతి. మీ సంఖ్య 2³² + 1. 32 బిట్ల ఇంట్‌లో అది పట్టదు, పై బిట్టు రాలిపోయి 1 మిగులుతుంది. 64 బిట్ల లాంగ్ లాంగ్ పెట్టండి. కంపైలర్ హెచ్చరించే ఉంటుంది, మనమే చూడం.

ఇక చేతి లెక్క. వరసగా భాగించుకుంటూ పోతే వర్గమూలం దాకా, అంటే 65,536 వరకూ వెళ్ళాలి. ఆ లోపు ప్రధాన సంఖ్యలు 6,542. అంత శ్రమ అక్కర్లేదు. ‘ప’ అనే ప్రధాన సంఖ్య దీన్ని శేషం లేకుండా భాగించిందనుకుందాం. అప్పుడు ‘ప’తో భాగిస్తే 2³²కి శేషం −1 (అంటే ‘ప’ గుణిజానికి ఒకటి తక్కువ), 2⁶⁴కి 1. అంతకంటే చిన్న ఘాతం దేనికీ 1 రాదు. శేషం 1 వచ్చే అతి చిన్న ఘాతం ఎప్పుడూ ప−1ని భాగిస్తుంది, కాబట్టి ప−1 అనేది 64కి గుణిజం కావాలి. ఫ్రెంచి గణితవేత్త ల్యూకా 1878లో దీన్ని ఇంకా బిగించి 128 చేశాడు.

అంటే పరీక్షించాల్సినవి 129, 257, 385, 513, 641... ఇలా. వీటిలో 129, 513 మూడుతో పోతాయి, 385 అయిదుతో పోతుంది. 257తో 2⁸కి శేషం −1, అందువల్ల 2³²కి 1, మొత్తానికి 2. కుదరదు. తర్వాతది 641. భాగించక ముందే ఇలా చూడండి:

641 = 5×2⁷ + 1, కనుక 5×2⁷కి శేషం −1. నాలుగో ఘాతం తీస్తే 5⁴×2²⁸కి శేషం 1.
641 = 5⁴ + 2⁴ కూడా, కనుక 5⁴ బదులు −2⁴ రాయొచ్చు. అప్పుడు −2³²కి శేషం 1.

అంటే 2³² + 1 ఖాయంగా 641తో పోతుంది. భాగఫలం 6700417. 2 ఘాతం 1, 2, 4, 8, 16, 32... ఇలా రెట్టింపవుతూ పోతుంటే, దానికి 1 కలిపిన ఈ రూపంలోని సంఖ్యలన్నీ ప్రధానాలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు, 1732లో మరో గణితవేత్త ఆయిలర్ ఈ 641తోనే ఆ నమ్మకాన్ని కొట్టేశాడు.

6700417ని మాత్రం ఊరికే వదలకండి. దాని కారణాంకాలకూ 128 నియమమే వర్తిస్తుంది, వర్గమూలం సుమారు 2,588. ఆ లోపు ప్రధానాల్లో 257ని ముందే కొట్టేశాం కనుక చూడాల్సినవి 641, 769, 1153, 1409 మాత్రమే. శేషాలు వరసగా 44, 120, 334, 622. కాబట్టి అది ప్రధానమే. అసలు సంఖ్యకు భాజకాలు నాలుగే, వాటి మొత్తం 4301668356.

ప్రశ్న: 2 ఆధారంగా ఫెర్మా పరీక్ష (సంఖ్య ‘న’ అయితే, 2 యొక్క న−1వ ఘాతాన్ని ‘న’తో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూడటం) పెడితే ఇదే సంఖ్య నెగ్గుతోందేం?

జవాబు: ఈ రూపంలోని సంఖ్యలన్నీ 2 దగ్గర నెగ్గుతాయి, అది పరీక్షే కాదు. 3తో పెట్టండి: వరసగా 31 సార్లు వర్గం చేస్తూ ప్రతిసారీ శేషం ఉంచుకోవాలి. ప్రధానమైతే చివర −1 రావాలి, ఇక్కడ రాదు. ఇది 1877 నాటి పెపాన్ పరీక్ష. వర్గాలు దాదాపు 2⁶⁴ దాకా పోతాయి, ఇక్కడ మామూలు లాంగ్ లాంగ్ కూడా చాలదు, అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్ వాడండి.